నొప్పి తగ్గిన రోజే జాగ్రత్త

(పాఠకుల ప్రశ్నలకు ఫిజియోథెరపిస్టు జవాబులు)

మోకాళ్ల నొప్పుల గురించి రాసిన సంచికలోనే, రొమ్ముల సైజు పెంచే ఆపరేషన్ చేయించుకున్న ఒకామెకు రెండు వాక్యాల్లో జవాబిచ్చాను. "ఆరు వారాలు బరువులు ఎత్తొద్దు. మీ సర్జన్ చెప్పినట్టు చేయండి" అని. అంతే, ఉత్తరాలు మొదలయ్యాయి. బరువంటే ఎంత? చంటిపిల్లాడు బరువు కిందికి వస్తాడా? తడిబట్టల బకెట్ వస్తుందా? ఒకామె అయితే "మా డాక్టరు గారు కూడా సరిగ్గా ఇవే రెండు వాక్యాలు చెప్పి ఇంటికి పంపారు, మళ్లీ మీరూనా?" అని దులిపేశారు. ఆమె కోపం న్యాయమే. సిలికోన్ ఇంప్లాంటుతో (రొమ్ము సైజు పెంచడానికి లోపల అమర్చే మెత్తని సంచి) ఈ ఆపరేషన్ మొదటిసారి జరిగింది 1962లో, అమెరికాలోని హ్యూస్టన్‌లో. అరవై ఏళ్లు దాటినా, ఇంటికెళ్లాక ఏం ఎత్తొచ్చో ఏం ఎత్తకూడదో చెప్పే కాగితం నేను చూసినంతలో అరపేజీ దాటడం లేదు. అందుకే ఈసారి శీర్షిక అంతా దీనికే.

నేను సర్జన్‌ను కాను. ఆపరేషన్ అయినవాళ్లను మంచం మీద నుంచి లేపి, నడిపించి, కాళ్లూ చేతులూ మళ్లీ వాడుకలోకి తేవడం నా పని. ఇరవై రెండేళ్లుగా అదే చేస్తున్నాను. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆరేళ్ల కిందట ఇదే ఆపరేషన్ నేనూ చేయించుకున్నాను. ఇన్నాళ్లూ ఈ శీర్షికలో ఆ మాట ఎత్తలేదు, ఇప్పుడెందుకు ఎత్తానో రెండో ఉత్తరం దగ్గర తెలుస్తుంది. ఇక్కడ నేను రాసే వారాలకూ కిలోలకూ, మీ సర్జన్ మీకు రాసిచ్చిన వాటికీ తేడా ఉంటే ఆయన రాసిందే పాటించండి. లోపల ఏం కోశారో, ఎక్కడ కుట్టారో చూసింది ఆయన.

మేడమ్, నా వయసు 31. ఆపరేషన్ అయ్యి ఆరు రోజులు. మా బాబుకు ఏడాదిన్నర, 11 కిలోలు ఉంటాడు. రెండు కిలోలకు మించి ఎత్తొద్దన్నారు డాక్టరు. వాడు చేతులు చాపి ఏడుస్తుంటే ఎత్తుకోకుండా ఉండలేకపోతున్నాను. కూర్చుని ఒళ్లోకి తీసుకున్నా తప్పేనా? ఇలా ఎన్నాళ్లు?
*— ఒక తల్లి*

ఒళ్లో కూర్చోబెట్టుకోవడంలో తప్పు లేదమ్మా. వాణ్ని ఒళ్లోకి లాగడం తప్పు. ఈ తేడా ఎందుకో తెలిస్తే మిగతాదంతా మీకే అర్థమవుతుంది.

ఇంప్లాంటును రొమ్ము గ్రంథి కింద పెడతారు, లేదంటే ఛాతీ కండరం కింద పెడతారు, లేదంటే పై భాగం కండరం కిందా కింది భాగం గ్రంథి కిందా ఉండేలా పెడతారు. కండరం కింద పెట్టేటప్పుడు దాని కింది అంచును పక్కటెముకల దగ్గర కొంతమేర విడదీస్తారు. ఈ కండరం పేరు పెక్టోరాలిస్ మేజర్. విసనకర్ర ఆకారంలో ఉంటుంది. వెడల్పు వైపు మెడ కింది ఎముకనూ, ఛాతీ మధ్య ఎముకనూ, పక్కటెముకలనూ పట్టుకుని ఉంటుంది. సన్నని కొస దండచేతి ఎముకకు అతుక్కుంటుంది. దేన్నైనా ముందుకు తోసినా, ఒంటి వైపు లాగినా, రెండు చేతుల మధ్య అదిమి పట్టినా ముందు బిగిసేది ఇదే. పిల్లాణ్ని ఎత్తుకోవడమంటే చేయి చాపడం, లాగడం, అదమడం మూడూ ఒక్కసారిగా చేయడం. గ్రంథి కింద పెట్టించుకున్నవాళ్లకు కండరం నొప్పి తక్కువ. అయినా కోసిన చోటు, ఇంప్లాంటు కోసం లోపల చేసిన ఖాళీ, అక్కడి రక్తనాళాలు వాళ్లకూ పచ్చిగానే ఉంటాయి.

ఇంకో లెక్క. మనిషి ఒక చేయి బరువు ఒంటి బరువులో దాదాపు ఇరవయ్యో వంతు. మీరు 60 కిలోలు ఉంటే చేయి ఒక్కటే 3 కిలోలు. చేయి చాపి భుజం ఎత్తుకు లేపారంటే, చేతిలో ఏమీ లేకపోయినా భుజమూ ఛాతీ అప్పటికే ఒక బరువు మోస్తున్నాయి. ఆ చాపిన చేతుల కొసన 11 కిలోలు తగిలిస్తే ఏమవుతుందో చూడండి. ఒక లీటరు నీళ్ల సీసా ఒక కిలో. దాన్ని పొట్టకు ఆనించి ఒక నిమిషం పట్టుకోండి, తర్వాత చేయి పూర్తిగా చాపి ఒక నిమిషం పట్టుకోండి. మీరు కాదు, మీ వారి చేత పట్టించి మొహం చూడండి. సీసా అదే, దూరం మారిందంతే. రెండు కిలోలు అన్నప్పుడు మీ డాక్టరు ఉద్దేశం ఒంటికి దగ్గరగా పట్టుకునే రెండు కిలోలు. చాపిన చేతితో తీసే రెండు కిలోలు కాదు.

ఇక బాబు సంగతి. సోఫాలో వెనక్కి ఆనుకుని కూర్చోండి. ఛాతీకి అడ్డంగా ఒక మెత్తని దిండు పెట్టుకోండి. ఆ వయసు పిల్లలు తలతో పొడుస్తారు, మోకాలితో తన్నుతారు, అదేమీ తప్పు కాదు వాళ్లకు. ఇంకెవరైనా వాణ్ని తెచ్చి మీ పక్కన కూర్చోబెట్టాలి. ఎవరూ లేకపోతే సోఫా పక్కన ఒక చిన్న పీట వేయండి, వాడే ఎక్కుతాడు. ఏడాదిన్నర పిల్లాడు ఎక్కని చోటు ఉందా! నేల మీద మాత్రం కూర్చోకండి. కూర్చోవడం సులువే, లేవాలంటే రెండు అరచేతులూ నేలకు ఆనించి తోయాల్సిందే. ఆ తోపులో మీ ఒంటి బరువులో పెద్ద భాగం ఛాతీ మీద పడుతుంది.

అన్నిటికన్నా కష్టం ఊచల మంచం లోంచి తీయడం. వంగి, చేతులు చాపి, ఊచల పైనుంచి లేపాలి. ఆ పని ఈ ఆరు వారాలూ మీది కాదు. రాత్రి వాణ్ని నేల మీద పరుపు పైన వేరే ఎవరైనా పడుకోబెట్టి, లేచినప్పుడు వాళ్లే చూసుకునే ఏర్పాటు చేసుకోండి. డైపర్ మార్చడానికి వాణ్ని పైకి తేవద్దు. వాడు మంచం మీద ఉంటే అక్కడే, మీరు పక్కన కూర్చుని మార్చండి.

ఎన్నాళ్లు అంటే, ఆ బరువు పిల్లాణ్ని ఎత్తుకోవడానికి చాలామంది సర్జన్లు నాలుగు నుంచి ఆరు వారాల మధ్య అనుమతిస్తారు. అనుమతి వచ్చిన రోజు కూడా నేల మీద నుంచి ఎత్తకండి. మొదటి వారం వాణ్ని కుర్చీ మీద నిలబడనివ్వండి. మీరు దగ్గరగా వెళ్లి, పొట్టకు ఆనించుకుని, ఊపిరి వదులుతూ ఎత్తండి. రెండో వారం నుంచి నేల. ఒక మోకాలు కింద ఆనించి, వాణ్ని దగ్గరకు పొదువుకుని, కాళ్ల బలంతో లేవండి. ఊపిరి బిగబట్టొద్దని ఎందుకంటున్నానంటే, ఊపిరి బిగబట్టి బరువెత్తినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. మానుతున్న సన్నని రక్తనాళాలకు అది మంచిది కాదు. మలబద్ధకంతో ముక్కినా ఇదే జరుగుతుంది. కొన్ని రకాల బలమైన నొప్పి మాత్రలు మలబద్ధకం తెస్తాయి కాబట్టి దానికి మందు ఇవ్వమని మీరే అడగండి. దీన్ని బరువులెత్తడం కింద ఎవరూ లెక్కేయరు, నేను వేస్తాను.

అక్కా, ఆపరేషన్ సంగతి మా వారికి తప్ప ఎవరికీ తెలీదు. అత్తయ్యగారికీ ఆఫీసులోనూ "చిన్న గడ్డ తీశారు" అని చెప్పాం. ఈరోజుకు పది రోజులు. మాత్రలు మానేసి మూడు రోజులైంది, నొప్పి దాదాపు లేదు. నేను మామూలైపోయానని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు, నాకూ అలాగే ఉంది. నీళ్ల బకెట్ మోస్తే నిజంగా ఏమైనా అవుతుందా?
*— పేరు వద్దు*

నా కథ చెప్తాను, వినండి. నేనూ ఎవరికీ చెప్పలేదు. ఈ వృత్తిలో ఉండి, నలభై దాటాక ఇదేం పని అంటారేమోనని సిగ్గు. పదకొండో రోజు ఇంటికి నలుగురు చుట్టాలు వచ్చారు. రాత్రికి పరుపు కావాలి. బీరువా పైన మడిచిపెట్టిన పరుపు ఉంది, మహా అయితే ఐదు కిలోలు. మావారు ఇంట్లో లేరు. "నువ్వు పొడుగ్గా ఉన్నావు, అందుకో" అన్నారు మా అత్తగారు. ఎందుకు అందుకోలేనో చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. రెండు చేతులూ తల మీదికి ఎత్తి లాగాను. అది జారి మీదికి వచ్చింది, పట్టుకున్నాను. ఆ క్షణాన ఏమీ తెలియలేదు. భోజనాలయ్యేసరికి ఎడమ వైపు బిగుసుకుంది, అర్ధరాత్రికి కుడి వైపుకన్నా పెద్దదైంది. తెల్లారి స్కాన్ చేసి లోపల కొద్దిగా రక్తం చేరిందన్నారు. మళ్లీ కోయాల్సిన అవసరం రాలేదు, రోజు విడిచి రోజు చూపించుకోమన్నారు. ఆరు వారాలు అనుకున్నది తొమ్మిదైంది. బరువులు ఎలా ఎత్తాలో ఊళ్లో అందరికీ నేర్పే మనిషిని నేను!

మీరన్న పదో రోజు ఉంది చూశారూ, అది అన్నిటికన్నా చెడ్డ రోజు. నొప్పి ఉన్నంతకాలం మనిషి దానంతటదే జాగ్రత్తగా ఉంటుంది. ఏడో రోజుకో పదో రోజుకో నొప్పి వెళ్లిపోతుంది. గాయం మాత్రం తన లెక్కలో తాను మానుతుంది. మొదటి వారం చివరికి మానే గాయానికి మామూలు చర్మంలో పదో వంతు బలం కూడా ఉండదు. మూడు వారాలకు 20 నుంచి 30 శాతం. 80 శాతం దగ్గరికి చేరడానికి దాదాపు మూడు నెలలు. పూర్తి నూరు శాతం ఎప్పటికీ రాదు. పైన చూస్తే సన్నని గీత, తడి లేదు, ఎరుపు లేదు, అంతా అయిపోయినట్టే ఉంటుంది. ఇంప్లాంటు చుట్టూ శరీరం తనంతట తాను ఒక పలచని పొర అల్లుకుంటుంది, అది కూడా అప్పటికింకా కుదురుకోదు. ఆ దశలో లోపల రక్తం చేరితే ఆ పొర తర్వాత గట్టిపడి బిగుసుకునే అవకాశం పెరుగుతుంది. నాకు అదృష్టవశాత్తూ అలా కాలేదు.

బకెట్ అడిగారు. నిండు బకెట్ 15 నుంచి 20 లీటర్లు, అంటే అన్నే కిలోలు. వద్దు. అయినా బకెట్ గురించి నాకు పెద్ద భయం లేదు, ఎందుకంటే దాన్ని చూడగానే బరువని మీకే తెలుస్తుంది. బరువులా కనబడనివే దెబ్బతీస్తాయి. బిగిసిన సీసా మూత తిప్పడం. తడిదుప్పటి పిండడం. స్ప్రింగు ఉన్న పెద్ద తలుపును తోయడం. ఇరుక్కున్న డ్రాయరు గుంజడం. నేల రుద్దడం. కుర్చీ చేతుల మీద అరచేతులు నొక్కి లేవడం. తల మీద నుంచి వేసుకునే టీషర్టు విప్పడం (ముందు గుండీలున్నవే వేసుకోండి). బస్సులో పై కడ్డీ పట్టుకుని నిలబడటం, అందులోనూ డ్రైవరు బ్రేకు వేసినప్పుడు ఒళ్లంతా ఆ చేతికి వేలాడుతుంది. వీటిలో కిలోలు ఎక్కడున్నాయి? కానీ ప్రతిదాంట్లోనూ ఛాతీ కండరం బిగుస్తుంది, లేదంటే సాగుతుంది. మోచేతులు నడుముకు ఆనించి చేయగలిగిన పని మీది, మోచేయి ఒంటిని వదిలితే గానీ కాని పని వేరేవాళ్లది. నేను నా పేషంట్లకు చెప్పే కొలత ఇదొక్కటే.

ఎవరికి ఏం చెప్పుకుంటారన్నది మీ ఇష్టం, అందులో నేను తలదూర్చను. కాకపోతే అబద్ధం ఆడేటప్పుడు పొదుపు చేశారు మీరు. "చిన్న గడ్డ" మూడు రోజుల్లో మానిపోతుంది, నాలుగో రోజు పనులు వచ్చి మీద పడతాయి. "ఛాతీ కండరానికి చిన్న సర్జరీ అయింది, ఆరు వారాలు బరువులు ఎత్తొద్దన్నారు, చేతులు పైకి లేపొద్దన్నారు" అని చెప్పండి. కండరం కింద పెట్టించుకుని ఉంటే ఇది అబద్ధం కూడా కాదు. నాకు ఆ రోజు ఈ మాట తట్టి ఉంటే పరుపు ఇంకెవరో దించేవారు.

హాయ్ మేడమ్, నా ఏజ్ 26. ఆపరేషన్‌కు ముందు డెడ్‌లిఫ్ట్ 70 కిలోలు చేసేదాన్ని (నేల మీది బరువుల కడ్డీని పట్టుకుని లేచి నిలబడే వ్యాయామం). ఇంప్లాంట్స్ కండరం కింద పెట్టారు. నెల రోజులైంది. జిమ్‌కి ఎప్పుడు వెళ్లొచ్చు? బరువులెత్తితే ఇంప్లాంట్ పగులుతుందని ఫ్రెండ్ అంటోంది. టెన్షన్‌గా ఉంది.

పగలదు. బరువెత్తినంత మాత్రాన పగిలేంత నాజూకు వస్తువు కాదది. మీ ఫ్రెండ్ భయపెట్టాల్సింది ఇంప్లాంటు గురించి కాదు, దాని చుట్టూ ఉన్న మీ కండరం గురించి. తొందరపడితే ఇంప్లాంటు ఉండాల్సిన చోటు నుంచి పైకో పక్కకో జరగొచ్చు. కొత్తలో అది కాస్త పైన ఉండి, నెలలు గడిచే కొద్దీ కిందికి దిగి కుదురుకుంటుంది. ఆ కుదురుకునే కాలంలో పైన కండరం రోజూ గట్టిగా నొక్కుతుంటే ఎలా?

నెల రోజులకు సాధారణంగా నడక, చేతుల మీద భారం వేయకుండా తొక్కే స్టేషనరీ సైకిల్, ఖాళీ చేతులతో కాళ్ల వ్యాయామాలు చేయొచ్చు. హ్యాండిల్ మీదికి వాలి తొక్కితే అది సైకిల్ కాదు, సగం పుషప్. పరుగు, గెంతులు ఆరు వారాల తర్వాత, బిగుతైన స్పోర్ట్స్ బ్రాతో. డెడ్‌లిఫ్ట్ కాళ్ల వ్యాయామం కదా అంటారు మీరు. ఆ 70 కిలోలు నేల నుంచి లేచేదాకా వేలాడేది మీ భుజాలకే, కడ్డీ ఒంటికి దూరం కాకుండా ఆపేది ఛాతీ, వీపు కండరాలే. వీపు మీద కడ్డీ పెట్టుకుని చేసే స్క్వాట్‌లో మోచేతులు వెనక్కి వెళ్తాయి, ఛాతీ ముందు భాగమంతా సాగుతుంది. కూర్చుని కాళ్లతో బరువు తోసే లెగ్ ప్రెస్ మేలు, పక్క పిడులు గట్టిగా గుంజకుండా చేస్తే.

ఆరు వారాలకు సర్జన్ సరే అంటే, కాళ్లూ వీపూ పాత బరువులో మూడో వంతుతో మొదలుపెట్టండి. చేతులతో తోసే బెంచ్ ప్రెస్, పుషప్స్, డిప్స్ లాంటివి అన్నిటికన్నా చివర. నేను మూడు నెలల లోపు ఎవరికీ చేయించను. కొందరు సర్జన్లు ఎనిమిది వారాలకే ఒప్పుకుంటారు. నేను కొంచెం పిరికిదాన్నే అనుకోండి. ఇంకొకటి, అద్దం ముందు చేసేటప్పుడు కండరం బిగించగానే ఇంప్లాంటు పైకో పక్కకో కదిలినట్టు కనిపించొచ్చు. కండరం కింద పెట్టినవాళ్లకు అది మామూలే, అపాయం కాదు. మరీ వికారంగా ఉంటే సర్జన్‌కు చూపించండి. అది వ్యాయామంతో పోయేది కాదు.

నాకు భయం ఎక్కువ మేడమ్. మూడు వారాలుగా చేతులు ఒంటికి అతికించుకునే ఉన్నాను. ఇప్పుడు జడ వేసుకుందామంటే కుడి చేయి పైకి లేవడం లేదు.

ఇదిగో, నాలాంటివాళ్లు భయపెట్టి చేసే నష్టం ఇది. బరువు వద్దంటే కదలిక వద్దని కాదు. మొదటి రోజు నుంచే నడవాలి, లేకపోతే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. చేతులు కూడా నొప్పి రానంత మేరకు మొదటి వారం నుంచే కదలాలి. ఏమీ కదల్చకపోతే భుజం బిగుసుకుపోతుంది, దాన్ని వదిలించడం ఆపరేషన్ నొప్పికన్నా పెద్ద తలనొప్పి.

ఈరోజు నుంచి రోజుకు నాలుగైదుసార్లు భుజాలను వెనక్కి నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. ఎడమ చేత్తో బల్ల పట్టుకుని కాస్త ముందుకు వంగి, కుడి చేతిని లోలకంలా వేలాడదీసి మెల్లగా ఊపండి. తర్వాత గోడకు ఎదురుగా నిలబడి, వేళ్లతో గోడ మీద పాకించుకుంటూ చేతిని పైకి తీసుకెళ్లండి. లాగుతున్నట్టు అనిపించిన చోట పది అంకెలు లెక్కపెట్టి దించండి. అక్కడ పెన్సిల్‌తో ఒక గీత గీయండి. మూడు నాలుగు రోజుల్లో గీత పైకి జరగాలి. వారం గడిచినా జరగకపోతే దగ్గర్లోని ఫిజియోథెరపిస్టుకు చూపించండి, వాయిదా వేయకండి. జడ అప్పటిదాకా ఎవరిచేతనైనా వేయించుకోండి.

నమస్కారం. వచ్చే నెల నా భార్యకు ఈ ఆపరేషన్. ఆమె దగ్గర ఉండి చూసుకోవడానికి పది రోజులు సెలవు పెట్టాను. నేను ఏం చేయాలో చెప్పండి.

ఆపరేషన్ ముందు ఆదివారం ఇంట్లో పై అరల్లో ఉన్నవన్నీ దించండి. ఆమె రోజూ వాడేవి నడుముకూ ఛాతీకీ మధ్య ఎత్తులో ఉండాలి. ప్రతి సీసా మూతా ఒకసారి తిప్పి వదులు చేసి పెట్టండి. పెద్ద డబ్బాల్లోవి చిన్న డబ్బాల్లోకి పోయండి. మంచం మీద దిండ్లు పేర్చి, నడుము పైభాగం 30 నుంచి 45 డిగ్రీలు లేచి ఉండేలా సర్దండి. వాపు తగ్గడానికే కాదు, సగం కూర్చుని ఉన్న మనిషి లేవడం సులువు.

ఆమె లేచేటప్పుడు చేతులు పట్టుకుని లాగకండి. చంకల్లో చేతులు వేసి ఎత్తకండి. ప్రేమతో భర్తలు చేసే పొరపాటు ఇదే, నేను వార్డులో ఎన్నిసార్లు కేకలేశానో లెక్కలేదు. ఆమె మోకాళ్లు మడిచి, చేతులు ఒళ్లో పెట్టుకుని, కాళ్లు మంచం కిందికి దించుతుంది. మీరు రెక్క ఎముకల మధ్య అరచేయి ఆనించి, వెనక నుంచి ముందుకు నెట్టండి. అంతే మీ పని. పదో రోజు మీ సెలవు అయిపోతుంది, ఆమెకు అప్పుడే బాగున్నట్టు అనిపిస్తుంది. పై ఉత్తరాల్లో పదో రోజు గురించి రాసింది చదివి, ఇంకో నెలపాటు సాయంత్రాలు కూడా ఖాళీ పెట్టుకోండి.

నేను గోడౌన్‌లో పని చేస్తాను. ఒక్కో పెట్టె 12 కిలోలు. రెండు వారాల తర్వాత రమ్మంటున్నారు, పెట్టెలు ఎత్తకపోతే ట్రాలీ తోయమంటున్నారు. సర్టిఫికెట్ తెస్తే ఏం ఆపరేషనో అందరికీ తెలిసిపోతుంది.

ట్రాలీ తోయడం పెట్టె ఎత్తడం కన్నా తక్కువేం కాదు. తోపంతా ఛాతీదే. కుర్చీలో కూర్చుని చేసే పనికి వారం పది రోజుల్లో వెళ్లొచ్చు. మీ పనికి ఆరు వారాలు పడుతుంది.

సర్టిఫికెట్‌లో ఆపరేషన్ పేరు రాయకుండా ఇవ్వమని సర్జన్‌ను అడగండి. ఏం చేయకూడదో, ఎప్పటివరకో ఉంటే చాలు: "ఫలానా తేదీ వరకు రెండు కిలోలకు మించి ఎత్తకూడదు, బరువులు తోయకూడదు, లాగకూడదు, చేతులు భుజం ఎత్తు దాటించే పని చేయకూడదు." "విశ్రాంతి అవసరం" అని రాసిన కాగితం పనికిరాదు, దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు చదువుకుంటారు. లెక్క పుస్తకం, చీటీలు అతికించడం లాంటి పని ఇస్తే మూడో వారం నుంచి వెళ్లండి.

మేడమ్, అర్జెంట్. ఆపరేషన్ అయ్యి 14 రోజులు. నిన్న సాయంత్రం సూట్‌కేస్ మంచం మీదికి ఎత్తాను. కుడి వైపు లోపల ఏదో "టిక్" మన్నట్టు అనిపించింది. నొప్పి కొంచెం ఉంది. రాత్రంతా నిద్ర లేదు. ఏమైనా తెగిందా?

ఈ ఉత్తరం రాగానే ఫోన్‌లో మాట్లాడాను, ఆమె బాగానే ఉన్నారు. మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. ఉత్తరం రాసి జవాబు కోసం కూర్చునే సందర్భం కాదు ఇది. ముందు సర్జన్‌కు ఫోన్ చేయాలి.

ఆ ఫోన్‌లో ఏం చెప్పాలో తెలియాలంటే అద్దం ముందు నిలబడండి. ఒక వైపు రెండోదానికన్నా గంటగంటకూ పెద్దదవుతోందా? రాయిలా బిగుసుకుందా? నొప్పి మాత్ర వేసుకున్నా పెరుగుతోందా? కమిలిన నలుపు పాకుతోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారేదాకా ఆగకండి, రాత్రే వెళ్లండి. లోపల రక్తం చేరడం ఎక్కువగా ఆపరేషన్ అయిన మొదటి ఒకటి రెండు రోజుల్లో జరుగుతుంది, కానీ నాలాగా తర్వాత కూడా జరగొచ్చు. కుట్లు విడినా, చీము కారినా, ఎర్రబడి వేడెక్కినా, జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా అంతే. పిక్కలో నొప్పి, వాపు గానీ, ఛాతీలో పోటు, ఆయాసం గానీ ఉంటే సర్జన్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. రక్తం గడ్డ ఊపిరితిత్తికి చేరి ఉండొచ్చు. నొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి సొంతంగా వేసుకోకండి, రక్తస్రావం పెరగొచ్చు.

ఇవేవీ లేకుండా ఒక్క "టిక్" మాత్రమే అయితే చాలాసార్లు అది కండరం పట్టేయడమో, లోపలి కుట్టు లాగడమో అయి ఉంటుంది. మొదటి వారాల్లో భయపెట్టే చిత్రాలు ఇంకొన్ని ఉన్నాయి. కదిలితే లోపల గుడగుడమంటుంది, కాస్త గాలీ నీరూ ఉండి. నరాలు మేల్కొంటుంటే కరెంటు షాక్‌లా జివ్వుమంటుంది. పొద్దున లేవగానే బిగుతుగా ఉంటుంది. కొందరికి రొమ్ము కింద చర్మంలో సన్నని తాడులాంటిది తగులుతుంది, అక్కడి సిర వాచి అలా అవుతుంది. కొన్ని వారాల్లో పోతుంది. వీటిని తర్వాతి అపాయింట్‌మెంట్‌లో చూపిస్తే చాలు.

ఎత్తి ఒక రోజు గడిచింది, వాపు లేదు, రెండు వైపులా ఒకేలా ఉంది అంటే, ఇంకో రెండు రోజులు ఏమీ ఎత్తకుండా, బ్రా విప్పకుండా, తల వైపు ఎత్తుగా పెట్టుకుని పడుకోండి. పొద్దునా సాయంత్రం ఫోటో తీసి పోల్చి చూసుకోండి. ఆ సూట్‌కేస్ ఇంకా మంచం మీదే ఉందన్నారు ఆమె ఫోన్‌లో. దించకండి అన్నాను. అక్కడే జిప్పు తీసి, ఒక్కో జతా తీసి సర్దుకోమన్నాను. ఖాళీ పెట్టెను ఆమె తమ్ముడు వచ్చి దించాడట.